ఇద్దరి మూరలతో కట్టిన ఓడ

తాళ్ళరేవు నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. "మావయ్యా, ఫుజైరాలో చెక్క పడవల పని ఎలా ఉంటుందండీ? రూములో ఏసీ ఉంటుందా? వారానికి ఒకరోజు సెలవేనా, రెండు రోజులా?" అని కుర్రాళ్ళు అడుగుతారు. ఏసీ ఉంటుంది, సెలవూ ఉంటుంది. పని మాత్రం ఏమిటని ఇంతవరకూ ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఈ నెలాఖరుకి నా వీసా ఖలాస్. అందుకే యార్డులో రేకుల షెడ్డు కింద కూర్చుని, వాళ్ళు అడగని ప్రశ్నకి జవాబు రాస్తున్నాను.

నా పేరు చిన్నారావు. కోరంగి మనిషిని, పడవల మేస్త్రిని. ఇక్కడివాళ్ళు మా పనివాణ్ణి గల్లాఫ్ అంటారు. గౌరవం కలిగితే ఉస్తాద్ అంటారు. మా ఆవిడ ఏమంటుందో అది రాయదగ్గది కాదు. ఎప్పుడు ఫోర్‌మన్‌ని అయ్యాను, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు అనేవి ఇందులో ఉండవు. అవి ట్రంకుపెట్టెలో ఉన్నాయి, చెదపురుగులు చదువుకుంటాయి.

పని

మాది కొత్త పడవలు కట్టే యార్డు కాదు, బాగుచేసే యార్డు. ఉల్లిపాయలు, ఫ్రిజ్‌లు, టైర్లు, ఒక్కోసారి మేకలు ఎక్కించుకుని సముద్రం దాటే చెక్క లాంచీలు మా దగ్గరికి వస్తాయి. పుచ్చిన పలక ఊడదీసి కొత్తది వెయ్యాలి. పలకకీ పలకకీ మధ్య సందులో నూనెలో తడిపిన పత్తి కూరాలి. ఆ పత్తి సరిగ్గా కూరకపోతే మిగతా పనంతా దండగ. ఒకసారి నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి తట్టెడు పత్తిని మేక తినేసింది. నూనెతో సహా! ఆ మేక తర్వాత ఎలా ఉందో నేను విచారించలేదు.

ఎండ గురించి ఏడవకండి. ఎండ అందరికీ ఉంది. పనిలో అసలు కష్టం ఎండ కాదు, పక్కన పనిచేసేవాడు. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

పెద్ద అర్బాబ్ టీ గ్లాసు

ఈ యార్డు పెట్టినాయన్ని మేం పెద్ద అర్బాబ్ అనేవాళ్ళం. అర్బాబ్ అంటే యజమాని. నేను చూసిన యజమానుల్లో పని తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనకి ఒక కట్టుబాటు ఉండేది. పడవ నీళ్ళలోకి దింపేటప్పుడు, సందుల్లో పత్తి కూరినవాడే అందరికన్నా ముందు ఎక్కి, అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. చేతికి ఒక గ్లాసు టీ ఇస్తారు. టీ పూర్తయ్యేదాకా లేవకూడదు.

వచ్చిన మొదటి ఏడాది నేను ఒక లాంచీ పని గబగబా ముగించాను. ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది. "అయిపోయిందా?" అని ఆయన అడిగితే "చుక్క నీరు రాదు" అన్నాను. పడవ దింపారు. కూర్చున్నాను. రెండు గుక్కలు తాగేసరికి లుంగీ తడిసింది. లేవబోయాను. ఒడ్డు మీంచి పెద్ద అర్బాబ్ చెయ్యి ఊపుతూ, "చాయ్ ఖతమ్ కరో, చాయ్!" అన్నాడు. అంత వేడి టీ ఊదుకుని తాగేసరికి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. యార్డు యార్డంతా ఒడ్డున నిలబడి చూసింది. ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి నేను చేసిన పడవలో నీరు రాలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, లుంగీ మీద ఒట్టు.

ఇసకలోంచి వచ్చిన ఓడ

పెద్ద అర్బాబ్ పోయాక కొడుకు వచ్చాడు. చదువుకున్నవాడు, మంచివాడు. కానీ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి ఫైబర్ పడవల జపమే. కరోనా వచ్చి లాంచీలు ఆగిపోయాక ఆ జపం ఇంకా ఎక్కువైంది. యార్డులో మేం పదకొండుమందిమి. మా ముదీర్, అంటే మేనేజరు, ఖాదర్ భాయ్ నెల్లూరాయన. రోజూ పొద్దున్న వచ్చి, "మేస్త్రీ, ఈ పూట కూడా మనల్ని ఇంటికి పంపీలా, అల్లా దయ," అనేవాడు.

అలాంటి రోజుల్లో ఇక్కడి ఒడ్డున ఒక హోటలు వాళ్ళు పునాది తవ్వుతుంటే ఇసకలో పాత ఓడ ఎముకలు దొరికాయి. హోటలు యజమాని మా కొత్త అర్బాబ్‌కి స్నేహితుడు. ఆయన ఒక చరిత్ర డాక్టరుని పిలిపించాడు. సూది వేసే డాక్టరు కాదు, పుస్తకాల డాక్టరు. సన్నగా, పొడుగ్గా, నెత్తిన టోపీతో ఉండేవాడు. ఇది పంతొమ్మిదో శతాబ్దపు వర్తక ఓడ, టేకు చెక్క, రెండు తెరచాప స్తంభాలు అని ఆయన తేల్చాడు. ఎముకల్ని హోటలు ముందు షెడ్డు కింద పెట్టాలనీ, పక్కనే నీళ్ళలో అలాంటిదే కొత్త ఓడ కట్టి అందులో రెస్టారెంటు పెట్టాలనీ హోటలాయన కోరిక. పని మా యార్డుకి వచ్చింది.

అర్బాబ్ మా పదకొండుమందినీ నిలబెట్టి చెప్పాడు. ఖాదర్ భాయ్ దాన్ని తెలుగు చేశాడు. "ఇనండబ్బా. ఓడ నిటారుగా తేలిందా, యార్డు ఉంటది. తేల్లేదా, ఇక్కడ ఫైబర్ పెడతాడంట. మనమందరం ఇంటికే. ఖలాస్."

మర్నాడు ఎముకలు చూడ్డానికి వెళ్ళాం. నాతోపాటు మా సూరిబాబు వచ్చాడు. సూరిబాబు మా ఆవిడ తమ్ముడు. నా వెనకే ఇక్కడికి వచ్చాడు, నా కిందే పని నేర్చుకున్నాడు, నన్ను మించిపోయానని అనుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా మా మధ్య ఒకటే తగువు. పూర్వం రంగూన్ దాకా వెళ్ళిన ఓడలు కట్టింది మా కోరంగి వాళ్ళా, వాళ్ళ తాళ్ళరేవు వాళ్ళా అని. రెండు ఊళ్ళకీ మధ్య సైకిలు దూరం. అయినా సరే.

ఓడ ఎడమ పక్క మాత్రమే దొరికింది అప్పటికి. దాని పొట్టలో గుట్టగా రాళ్ళు. ఓడ బరువు నిలవడానికి రాళ్ళు వెయ్యడం మామూలే కానీ, అడుగున నడుమ ఒక్కటీ లేదు, అన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి. "తుఫానులో ఓడ ఒరిగి, రాళ్ళు దొర్లి ఉంటాయి," అని డాక్టరు రాసుకున్నాడు. ఆయన్ని వేధించింది రాళ్ళు కాదు, కొలతలు. ఓడకి పక్కటెముకల్లాంటి వంపు దుంగలు ఉంటాయి కదా, వాటి మధ్య ఎడం ఆయన టేపులో ఎప్పుడూ పూర్తి అంకెకి వచ్చేది కాదు. అలాగని అడ్డదిడ్డంగానూ లేదు, ప్రతి సందూ సమానమే.

నాకు నవ్వొచ్చింది. మా వాళ్ళకి టేపెక్కడిది? పెద్దమేస్త్రి మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. దాని ప్రకారం కర్ర కోసి, ఆ కర్రతోనే ఓడంతా కడతారు. అడుగు దూలంలో చెక్క బిరడా ఒకటి కనిపిస్తే తీయించాను. లోపల చిన్న గూడు, అందులో పచ్చబడిపోయిన రాగికాసు. ఓడకి మొదటి దూలం పరిచే రోజున మా మేస్త్రీలు చేసే పనే అది. "మా కోరంగి ఓడే ఇది!" అని, అందరూ చూస్తుండగా ఠీవిగా వెళ్ళి రెండు దుంగల మధ్య నా చెయ్యి ఆన్చాను.

రెండు వేళ్ళు తక్కువైంది.

"జరుగు బావా," అన్నాడు సూరిబాబు. చొక్కా చెయ్యి మడిచి తన మోచెయ్యి పెట్టాడు. కొలిచి కోసినట్టు సరిపోయింది. రెండో సందు, మూడో సందు, అన్నీ అంతే. "చూశావా? మా తాతల చెయ్యి! తాళ్ళరేవు చెయ్యి!" అని ఎగిరి గంతేశాడు. డాక్టరు వాడి చేతిని ఫోటో తీసుకున్నాడు. నా చేతిని ఎవడూ ఫోటో తియ్యలేదు.

తెర

ఓడంతా సూరిబాబు మూరతోనే కట్టాలని నిర్ణయం. న్యాయమే. వాడు రెండు కర్రలు కోసి, ఒకటి నా చేతిలో పెట్టి, "ఇదిగో బావా, జాగ్రత్త, పారేస్తావు," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు.

ఆ రోజుల్లో కరోనా జాగ్రత్తలు గట్టిగా ఉండేవి. ఖాదర్ భాయ్ మమ్మల్ని రెండు జట్లుగా విడగొట్టాడు. ఎడమ పక్క సూరిబాబు జట్టు, పొద్దుటి పూట. కుడి పక్క నా జట్టు, మధ్యాహ్నం. ఒకళ్ళ గాలి ఒకళ్ళకి తగలకూడదని ఓడ పొడుగునా మధ్యలో పెద్ద ప్లాస్టిక్ తెర కట్టించాడు. సూరిబాబుకీ నాకూ ఎలాగూ మాటల్లేవు. తెర నాకు హాయిగానే ఉండేది.

ఇప్పుడు నిజం చెబుతాను. సూరిబాబు ఇచ్చిన కర్రని మంచం కింద పడేశాను. నా మూరతో నా కర్ర కోసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా మేస్త్రిని, బావమరిది చేతి కొలతతో దుంగలు వెయ్యడమా? రెండు వేళ్ళ తేడా ఏం చేస్తుందిలే అనుకున్నాను. దీనికి పొగరని తప్ప ఇంకో పేరు లేదు. మీకు నైపుణ్యం తక్కువైతే పడవ ఏదోలా తట్టుకుంటుంది కానీ, పొగరెక్కితే తట్టుకోదు.

పక్కటెముకలు పూర్తయిన రోజున ఖాదర్ భాయ్ తెర విప్పించాడు. ఓడకి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"ఏంది మేస్త్రీ ఇది? ఈ పక్క ముప్పై ఆరు దుంగలుండాయి. ఆ పక్క ముప్పై తొమ్మిదేంది?"

సందు రెండు వేళ్ళు తగ్గితే ఆ పొడుగులో మూడు దుంగలు ఎక్కువ పడతాయి. చిన్నపిల్లలు చేసే లెక్క. సూరిబాబు నా కర్ర తీసుకుని తన కర్ర పక్కన పెట్టి చూశాడు. వాడు తిడతాడని కాచుకుని ఉన్నాను. "బావా, నీ చెయ్యి ఎంత పొట్టిదో!" అని మాత్రం అన్నాడు.

"మూడు దుంగలు పీకేద్దామా?" అని అడిగాడు ఖాదర్ భాయ్. పీకితే మేకుల బెజ్జాలు పడ్డ పక్క పలకలన్నీ మార్చాలి, దింపే రోజు దగ్గర పడింది. పై దూలాల్ని కాస్త ఏటవాలుగా సర్ది, మీద పలకలు పరిచేశాం. పైకి ఏమీ కనిపించదు. "చెప్పొద్దు, ఎవురికీ చెప్పొద్దు," అంటూ ఖాదర్ భాయ్ ఐదు పూటలూ నమాజులో మా ఓడ కోసం కూడా చెయ్యెత్తాడు.

రాళ్ళు

ఓడ దింపే పొద్దున అర్బాబ్, హోటలాయన, చరిత్ర డాక్టరు ముగ్గురూ వచ్చారు. పెద్ద అర్బాబ్ కట్టుబాటు ప్రకారం నేను ముందు ఎక్కి అడుగున కూర్చున్నాను. ఖాదర్ భాయ్ టీ అందించాడు. ఇద్దరి మధ్యా సగం టీ నేలపాలైంది.

"యల్లా, కానివ్వండి!" అన్నారు. ఓడ జారింది, నీళ్ళలో పడింది, ఊగింది, నిలబడింది. చుక్క నీరు రాలేదు. కానీ చేతిలో గ్లాసు చూసుకుంటే టీ కుడి అంచుకి ఎక్కి ఉంది. ఓడ కుడి వైపుకి ఒరిగింది. మూడు టేకు దుంగలంటే మాటలా!

అర్బాబ్ మొహం చూశాను. కోపం లేదు, నిరాశ ఉంది. కోపమైతే బతిమాలుకోవచ్చు. పదకొండు కుటుంబాల మీద నా పొట్టి చెయ్యి పడిందని అప్పుడు అర్థమైంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు సూరిబాబు కదిలాడు. యార్డు మూల రాళ్ళ గుట్ట దగ్గరికి వెళ్ళి, ఒక బండరాయి భుజాన ఎత్తుకుని, ఓడలోకి వచ్చి, ఎడమ పక్కన దింపాడు. మళ్ళీ వెళ్ళాడు. అర్బాబ్ "క్యా హై యే?" అని అడిగితే తల వంచుకుని, "గల్తీ మేరా హై, అర్బాబ్. నా పక్క దుంగలు సన్నగా కోశాను. తేలికైపోయింది," అన్నాడు.

నా బావమరిది! జీవితంలో మొదటిసారి నన్ను తొక్కి పైకెక్కడానికి నిచ్చెన దొరికితే, దాన్ని పక్కన పెట్టి నా తప్పుని వాడి నెత్తిన వేసుకున్నాడు. తొమ్మిదో రాయికి ఓడ నిటారుగా నిలబడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను ఊరుకుంటే అక్కడితో సరిపోయేది.

టీ పూర్తికాకుండా లేచి నిలబడ్డాను. ఆ కట్టుబాటు తప్పడం అదే మొదలు, అదే చివర. "వాడిది కాదు, నాది గల్తీ," అన్నాను. రెండు కర్రల సంగతి, మంచం కింద కర్ర సంగతి, ముప్పై తొమ్మిది సంగతి అంతా చెప్పేశాను. ఖాదర్ భాయ్ తర్జుమా చేస్తూ మధ్యమధ్యలో నా వైపు చూసి, "కొంప ముంచావు కదయ్యా," అంటున్నాడు. అది తర్జుమా కాదు, ఆయన సొంతం.

అర్బాబ్ ఇంకా నోరు విప్పకముందే చరిత్ర డాక్టరు గట్టిగా అరిచాడు. ఆయన చూపు మా మీద లేదు, ఎడమ పక్కన పేర్చిన రాళ్ళ మీద ఉంది.

"రాళ్ళు ఎడమ పక్కనే ఎందుకు వేశారు?" అని అడిగాడు.

"కుడిపక్క బరువు కాబట్టి," అన్నాం.

ఆయన టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "హోటలు వెనక షెడ్డుకి పదండి," అన్నాడు.

పాత ఓడ కుడి పక్క మా పని సగంలో ఉండగా దొరికింది. పలకలతో సహా ఊడి, మీద ఒక్క రాయీ లేకుండా, చాపలా ఇసకలో పడి ఉందట. తెచ్చి టార్పాలిన్ కప్పి పెట్టారు. రెండు పక్కలూ ఒకటేగా అని ఆయన కొలవలేదు. రెండు పికప్పుల్లో అందరం వెళ్ళాం. టార్పాలిన్ తీశారు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని, చొక్కా మడిచి, రెండు దుంగల మధ్య తనే పెట్టాడు.

సరిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదు. పక్క సందు, ఆ పక్క సందు, అన్నీ నా మూరే. ఖాదర్ భాయ్ ఆ చివరి దాకా లెక్కపెట్టుకుంటూ పోయి, అక్కణ్ణుంచి కేక పెట్టాడు. "ముప్పై తొమ్మిదబ్బా!"

నా చేతిని డాక్టరు అప్పుడు ఫోటో తీశాడు. ఒకటి కాదు, నాలుగు తీశాడు.

అర్బాబ్ అక్కడే ఇసకలో కూలబడి నవ్వాడు. నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. "ఓడకి నకలు చెయ్యమంటే తప్పుతో సహా నకలు చేశారు. ఇంతకన్నా ఎవడు చెయ్యగలడు? యార్డు ఉంటుంది. కానీ ఇకమీదట ఒకటే కర్ర," అన్నాడు. ఎవరి మూరతో ఆ కర్ర కొయ్యాలని నేనూ సూరిబాబూ అక్కడే మొదలుపెట్టాం. ఆ గోల భరించలేక అర్బాబ్ ఖాదర్ భాయ్ చెయ్యి పట్టుకుని కొలిపించాడు. జన్మలో బాడిత పట్టని మనిషి మోచెయ్యి ఇవాళ మా యార్డుకి మూరకర్ర!

డాక్టరు తన కాగితంలో తుఫాను కొట్టేశాడు. "ఇద్దరు మేస్త్రీలు కట్టిన కోరంగి ప్రాంతపు ఓడ" అని రాసి చూపించాడు. "ఇద్దరు బావాబావమరుదులు అని రాయండి," అన్నాను. రుజువేమిటని అడిగాడు. "ఆ రాళ్ళే," అన్నాను. పరాయివాడైతే అవతలివాడి తప్పు ఊరంతా చాటుతాడు. నోరు మూసుకుని రాళ్ళు మోసేవాడు ఇంటివాడే అయ్యుంటాడు. డాక్టరు చాలాసేపు ఆలోచించి, "బహుశా బంధువులు" అని చేర్చాడు. బోర్డు మీద ఇప్పటికీ అలాగే ఉంది. వెళ్ళినప్పుడు చూడండి.

కొత్తగా వచ్చే కుర్రాళ్ళూ, మీకు పని గురించి నేను చెప్పగలిగింది ఇంతే. పత్తి గట్టిగా కూరండి. కర్ర ఒకటే వాడండి. తప్పు చేస్తే టీ చల్లారకముందే ఒప్పుకోండి.

నిన్న సూరిబాబు నన్ను ఆ ఓడ రెస్టారెంటుకి తీసుకెళ్ళాడు. వచ్చే నెల నుంచి యార్డుకి వాడే పెద్దమేస్త్రి. ఎడమ పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. టీ తెచ్చారు. ఇద్దరం ముందు గ్లాసులోకి చూశాం, టీ సమంగా ఉంది.

"రాళ్ళు తీసేసి, మూడు దుంగలూ పీకి, పద్ధతిగా చేసేయమంటావా బావా? ఇప్పుడు తీరికే కదా," అన్నాడు.

"ఉండనీరా," అన్నాను.

"నువ్వెళ్ళిపోతే నాతో తగువాడేదెవరు?" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

టీ పూర్తయ్యేదాకా లేవకూడదని కట్టుబాటు. టీ అయిపోయి చాలాసేపైంది, ఇద్దరం లేవలేదు.